ఆరు గంటల మూలకం

పోయిన వారం మనం రూతమ్మను పిప్పి కొట్టంలో వదిలేసి ఎవరి పనుల్లో వాళ్ళం పడ్డాం. ఇవాళ వచ్చి చూస్తే ఆమె అక్కడే ఉంది. బయటి నుంచి గడియ ఏమీ పెట్టలేదు. పెట్టాల్సిన పని లేదని అత్త శారమ్మకు తెలుసు. పిల్ల ఇంట్లో ఉంటే తల్లి ఎక్కడికి పోతుంది?

కొత్తగా చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఏసుదానం అనే కెమిస్టు ఉన్నాడు. రూతమ్మ అతని భార్య. మిషన్ హాస్టల్లో పెరిగిన రుద్రూరు కూలీ పిల్ల. ఏసుదానానికి కాలేజీ ఫీజులు కట్టి చదివించిన మిషన్ దొరసానమ్మే ఈ పెళ్ళి కుదిర్చింది, కాబట్టి అతను తలొంచి తాళి కట్టాడు. పోయిన క్రిస్మస్ తర్వాత ఆ దొరసానమ్మ తన దేశం వెళ్ళిపోయింది. ఆమె రైలెక్కిన రోజు నుంచి ఏసుదానం తల మెల్లగా పైకి లేవడం మొదలైంది.

ఇంతలో రూతమ్మ గొంతు మీద నిమ్మకాయంత గడ్డ వచ్చింది. పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. పరీక్షల కోసం రెండు వారాలు వార్డులోనే ఉంచుకుని, చివరి రోజు చేతి నరంలోకి సూదిమందు ఎక్కించి, గొంతు మీద యంత్రం పెట్టి ఫొటో తీశారు. గడ్డ మంచిదేనని, మాత్రలతో లొంగుతుందని డాక్టరమ్మ చెప్పింది. "ఈ ఒక్కరోజు పిల్లకు పాలివ్వకు, ఒళ్ళో పెట్టుకోకు. రేపటి నుంచి నీ ఇష్టం" అని కూడా చెప్పింది. ఇల్లు చేరేసరికి ఆ మాటలో ఒక్కరోజు ఊడిపోయింది. పిల్లను ముట్టొద్దన్నది మాత్రం భద్రంగా మిగిలింది. పొయ్యిలోకి వాడే చెరకు పిప్పి పోసుకునే కొట్టంలో శారమ్మ ఒక చాప పరిచి కోడలికి మర్యాద చేసింది.

అదీ సంగతి. ఇప్పటికి వారం దాటింది.

పిప్పి నుసి ఒళ్ళంతా దురద పెట్టేది. దురదను రూతమ్మ లెక్క చేయలేదు. పాలే ఆమెను చంపుతున్నాయి. ఎస్తేరు పాపకు రెండేళ్ళు నిండి మూడు నడుస్తోంది, ఇంకా రొమ్ము విడవలేదు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఎండనివ్వకుండా పిండుతూ వచ్చింది, బిడ్డ అడుగుతుందని. ఇక్కడ వంటింటి కిటికీలోంచి బిడ్డ ఏడుపు వినిపించినప్పుడల్లా పాలు చేపి రవిక తడిసిపోయేది. గోడవార నేల మీద పిండేసేది. కాసేపటికి అక్కడ చీమలు పట్టేవి. చీమలకు పట్టింది తన బిడ్డకు పట్టలేదే అని వాటి వంక చూసి ఏడ్చేది.

ఒక్క విషయంలో మాత్రం అత్తను మెచ్చుకుంది. పాప ఏడుపు మానిన తర్వాత కిటికీలోంచి కరకరమని బిస్కెట్లు నమిలే చప్పుడు వచ్చేది. శారమ్మ ఏనాడూ బిస్కెట్లు కొన్న పాపాన పోలేదు. చాయలో రొట్టె ముక్క ముంచుకోవడమే ఎక్కువనే మనిషి. 'నా మీద ఎట్లున్నా మనవరాలి మీద ప్రేమ ఉన్నది ముసలిదానికి' అనుకుని రూతమ్మ చీకట్లోనే చేతులు జోడించి అత్త కోసం ప్రార్థన కూడా చేసింది. మంచివాళ్ళతో వచ్చే చిక్కే ఇది. వాళ్ళను ముంచడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు.

ఇంకొక ఆశ కూడా ఆమెను నిలబెట్టింది. పట్నం నుంచి తిరిగొచ్చిన బస్సు ప్రయాణం.

పెళ్ళయిన నాలుగేళ్ళలో మొగుడు ఆమెతో అంతసేపు మాట్లాడటం అదే మొదలు. తన ఒంట్లోకి ఎక్కించింది ఏంటని ఆమె అడిగింది. అడగడమే తడవుగా ఏసుదానం ముఖం వెలిగింది. తెలిసినదాన్ని చెప్పుకోవడంలో అతనికి ఆకలి ఎక్కువ.

"మన గోడకున్న మూలకాల పటం సూసినవు గద. అండ్ల నలభై మూడో గడి ఎన్నో ఏండ్లు ఖాళీగ ఉండె. దానికి అటు పక్కది దొరికింది, ఇటు పక్కది దొరికింది, గిది మాత్రం దొరకలే. దొరికిందని ఎవరెవరో పేర్లు పెట్టిండ్రు, మళ్ళ కాదని తీసేసిండ్రు. భూమిల ఎంత తవ్వినా లేదు."

"ఎందుకు లేదు?"

"నిలకడ లేని జాతి. ఉన్నదంత ఎప్పుడో తరిగిపోయింది. ఆఖరికి మనిషే పుట్టించిండు. అమెరికాల అణువులను కొట్టే యంత్రం ఒకటుండె. దాంట్ల వాడిన లోహపు రేకును ఇటలీకి పంపితే అక్కడోళ్ళు పరీక్ష చేసి దీన్ని పట్టుకున్నరు. మనిషి చేతుల పుట్టిన మొదటి మూలకం. టెక్నీషియం అంటరు."

"గది నాకెట్లొచ్చింది?"

"బొంబాయి నుంచి డబ్బాల ఇంకో లోహం వస్తది. అది తరుగుకుంట గిది అయితది. దవఖానల పొద్దున పొద్దున దాంట్లకెల్లి తీస్తరు. ఆ డబ్బాను వాళ్ళు ఆవు అంటరు తెల్సా? తీసుడును పిండుడంటరు."

రూతమ్మ నవ్వింది. అతనూ నవ్వాడు. ఆ నవ్వు కోసం ఇంకో గడ్డ వచ్చినా ఫర్వాలేదు అనిపించింది ఆ పిచ్చిదానికి.

"మరి నా ఒంట్ల గది ఎన్నొద్దులుంటది?"

"ఎన్నొద్దులేంది? ఆరు గంటలకు సగం అయితది. ఇంకో ఆరు గంటలకు అండ్ల సగం. కోసిన చెరుకు బండ్ల మీద ఉంటే తీపి పోతది సూడు, గట్లనే. రేపు పొద్దుమీకినంక లెక్కకు గూడ రాదు. మిగిలేది మొద్దు సరుకు, పేరుకే ఉంటది, ఏం చెయ్యది. అందుకే గద డాక్టర్లకు గది ఇష్టం. పని చేసుకొని పోతది."

కామారెడ్డి దాటాక ఆమె అతని భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. అతను కదల్లేదు.

ఆ మనిషే ఇప్పుడు ఆదివారం ఆరాధన ముగిశాక సంఘపెద్ద మోషేను, ఇంకో నలుగురు పెద్దమనుషులను ఇంటికి పిలిచాడు. భోజనాలయ్యాయి. కూటం మొదలయ్యే ముందు శారమ్మ కొట్టం దగ్గరికొచ్చి, "రా, నీ ముచ్చటనే మాట్లాడుతరట. మొఖం కడుక్కొని రా. దూరంగ కూసో" అంది.

రూతమ్మ ముఖం కడుక్కుంది, తల దువ్వుకుంది, ఉతికిన చీర కట్టుకుంది. 'ఆయన అందరి ముందర చెప్తడు, ఇయ్యాల్టితోని అయిపోతది' అనుకుంది. కాళ్ళు తేలికగా పడ్డాయి.

వెనక గుమ్మం పక్కన కూర్చుంది. ఎస్తేరు నాయనమ్మ ఒళ్ళో ఉంది. తల్లిని చూడగానే పిల్ల లేవబోయింది. శారమ్మ నడుం పట్టి గుంజింది.

"పోవద్దు. అమ్మ కాడ విషమున్నది. ఏమున్నది?"

"విసం" అంది పిల్ల బుద్ధిగా. వారంలో బాగానే నేర్పించారు.

ముందు వసారా గుమ్మంలో ఇంకో మనిషి నిలబడి ఉంది. తెల్లచీర, చేతికి గడియారం, పాతికేళ్ళుంటాయి. మోషే తమ్ముడి కూతురట, పేరు సలోమి, నిజామాబాద్‌లో టీచరట. పెదనాన్నతో కలిసి ఊరు చూడటానికి వచ్చిందట. లోపలికి రమ్మన్నా రాలేదు. సిగ్గు కాబోలు అనుకుంది రూతమ్మ.

ఏసుదానం గోడకున్న పటం దగ్గర నిలబడ్డాడు. ఒక పక్క బైబిలు వాక్యాల క్యాలెండరు, ఇంకో పక్క మూలకాల పటం. పాఠం చెప్పే పంతులు లాగా వేలు పెట్టి నలభై మూడో గడి చూపించాడు.

"పెద్దయ్యా, దేవుడు చేసిన మూలకాలల్ల గిది లేదు. మనిషి చేసిండు. దాన్నే ఈమె నరాలకు ఎక్కించిండ్రు. ఇప్పుడు నేను చెప్పేది అబద్ధం కాదు, ఏ పుస్తకంలైనా సూస్కోవచ్చు. ఆ మందు తరిగి ఇంకో రూపం అయితది. ఆ రూపం సగం తరుగనీకి రెండు లక్షల ఏండ్లు పడ్తది."

"రెండు లక్షలా!" మోషే కళ్ళజోడు తీశాడు. "ఆదాము పుట్టి గూడ గన్ని ఏండ్లు కాలే గద బిడ్డా!"

"అవును పెద్దయ్యా. గంతకాలం ఉంటది."

రూతమ్మకు మొదట అర్థం కాలేదు. సగం మాట చెప్పి ఆగాడు, మిగతా సగం ఇప్పుడు చెబుతాడని ఎదురు చూసింది. అతను చెప్పకుండా కుర్చీలో కూర్చున్నాడు. అబద్ధం చెప్పి ఉంటే ఆమె తట్టుకునేదేమో. అతను నిజంలోంచే ఒక ముక్క కోసి ఆమె గొంతు మీద పెట్టాడు.

"మీరే చెప్పిండ్రు గద?" అంది మెల్లగా. "బస్సుల చెప్పలేదా? ఆరు గంటలకు సగం పోతదని, మిగిలింది ఏం చెయ్యదని."

ఏసుదానం మోషే వైపు తిరిగి చిన్నగా నవ్వాడు. "సగం పోతదన్న. అంటే సగం ఉన్నట్టే గద? అండ్ల సగం పోతె మళ్ళ సగం ఉంటది. ఎన్నిసార్లు సగం చేసినా సున్న రాదు పెద్దయ్యా. మీరు గూడ లెక్క చేసి సూడుండ్రి. ఈమెకు పాపం గంత లెక్క రాదు."

పెద్దమనుషుల్లో ఒకాయన వేళ్ళ మీద సగాలు వేసి చూసుకుని, నిజమే, సున్నా రావడం లేదని తల ఊపాడు.

ఆ తర్వాత అంతా చకచకా నడిచింది. రూతమ్మ రుద్రూరులో తల్లి నర్సవ్వ దగ్గరికి పోవాలి. పిల్ల ఇక్కడే ఉంటుంది. ఇది ఎవరి మీదా కోపంతో కాదు, పసిబిడ్డ ఆయుష్షు కోసం. మోషే గొంతు సవరించుకుని, "బిడ్డా, తల్లి ప్రేమ అంటే త్యాగమే గద" అన్నాడు. త్యాగం ఎప్పుడూ ఎదుటివాళ్ళు చేయాల్సిందే అయినప్పుడు ఆ మాట ఎంత తియ్యగా వస్తుందో! తర్వాత అందరూ కళ్ళు మూసుకున్నారు. మోషే పాప కోసం, ఇంటి కోసం, ఫ్యాక్టరీ సీజన్ కోసం, చివరికి కాస్త రూతమ్మ కోసం ప్రార్థన చేశాడు.

రూతమ్మ కళ్ళు మూయలేదు. మొగుణ్ణే చూస్తోంది. వారంగా ఇదే చేతులతో పిల్లను ఎత్తుకుని వరండాలో తిప్పాడు. ఇదే భుజం మీద తను నిద్రపోయింది. అప్పుడే కదా ఆ మందు తన ఒంట్లో ఎక్కువగా ఉన్నది? ఆ ఆలోచన రాగానే ఆమె ఏడుపు ఆగిపోయింది.

"ఆమేన్" అన్నారందరూ.

ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. కూటం ముగిసిందంటే లేచి, ప్రతి ఒక్కరూ ప్రతి ఒక్కరి చేయి రెండు చేతులతో పట్టుకుని "వందనాలు" చెప్పుకోవాలి. కొట్లాడుకున్నవాళ్ళైనా సరే. చిన్నప్పటి నుంచి చేసిందే కాబట్టి ఆమేన్ వినగానే చేతులు వాటంతటవే లేస్తాయి. అలవాటుకు బుర్రతో పని లేదు.

రూతమ్మ అందరికంటే ముందు లేచింది.

"వందనాలు పెద్దయ్యా."

కళ్ళు సగమే తెరిచిన మోషే రెండు చేతులూ చాచాడు. ఆమె గట్టిగా పట్టుకుని వదిలింది. పక్కాయన, ఆ పక్కాయన, వేళ్ళ మీద లెక్క వేసినాయన, అందరూ వరసగా చేతులిచ్చారు. "వందనాలు, వందనాలు" అంటూ ఆమె వాళ్ళను దాటుకుని శారమ్మ దగ్గరికొచ్చింది. ముసలిదాని కుడిచేయి కూడా లేచింది. ఆమె దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, ఆ చేతినే అత్త చెంపకు ఆనించి, "వందనాలు అత్తమ్మా" అంది.

అప్పుడు తెలిసింది శారమ్మకు. కెవ్వుమని ఒళ్ళో పిల్లను కిందికి తోసేసి కొంగుతో చెంప తుడుచుకోవడం మొదలుపెట్టింది. పెద్దమనుషులు తమ చేతుల వంక చూసుకున్నారు. ఒకాయన చేతిని పంచెకు రుద్దాడు. మోషే చేతులు దూరంగా పెట్టుకుని నిలబడిపోయాడు, వాటిని ఎక్కడ దాచుకోవాలో తెలియనట్టు.

రూతమ్మ వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది. పిల్ల గది మధ్యలో నిలబడి ఏడుస్తోంది. నాలుగడుగులు వేస్తే చేతికందుతుంది. తను వేయలేదు.

"ఎత్తుకోండ్రి" అంది. "ఏడుస్తున్నది. ఎవరు ఎత్తుకుంటరో ఎత్తుకోండ్రి."

ఎవరూ కదల్లేదు.

"నా కాడ విషమున్నది గద? రెండు లక్షల ఏండ్లది. ఇప్పుడు మీ అందరి కాడ ఉన్నది. ఇగ నన్ను రుద్రూర్ పంపితే మీరు గూడ బయలెల్లుండ్రి. అత్తమ్మా, పిప్పి కొట్టంల జాగ ఉన్నది, రా."

"నోరు ముయ్యి!" అని ఏసుదానం లేచాడు.

"నువ్వు చెప్పు." పెళ్ళయిన తర్వాత అతన్ని 'నువ్వు' అనడం అదే మొదటిసారి. "పట్నం నుంచి నీ భుజం మీదనే పడుకొని వచ్చిన. అప్పుడు మందు నా ఒంట్ల నిండ ఉండె. వారం నుంచి ఆ భుజం మీదనే గద పాపను పండవెడుతున్నవు? నాకు లెక్క రాదు. నువ్వు లెక్క వచ్చినోనివి. ఒక్క మాట చెప్పు, గంతే. అది ఎప్పుడో పోయిందని చెప్పు. లేకుంటే నువ్వు గూడ నీ బిడ్డను ముట్టకు."

పెద్దమనుషులు ఇప్పుడు ఏసుదానాన్ని చూస్తున్నారు. ఆ చూపులో శాస్త్రం మీద గౌరవం లేదు, తమ చేతుల గురించిన భయం ఉంది. "ఏందయ్యా? ఉన్నట్టా, పోయినట్టా?" అన్నాడు మోషే.

పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తోంది. ముక్కు కారుతోంది. రూతమ్మ రవిక తడుస్తోంది. ఎత్తుకో, ఎత్తుకో అని ఒళ్ళంతా కొట్టుకుంటోంది. ఇంకొక్క నిమిషం తల్లీ, మీ నాయన నోట్లోంచి ఒక్క మాట రానీ, ఇక నిన్ను ఎవరూ నా దగ్గర్నుంచి లాక్కోలేరు, అని మనసులోనే బతిమాలింది. ఏసుదానం నుదుటి మీద చెమట చూసి ఆమెకు సంతోషం కలిగింది. నాలుగేళ్ళలో మొదటిసారి ఆ మనిషిని గెలిచానని అనుకుంది.

ఏసుదానం చెమట తుడుచుకున్నాడు. తల దించుకున్నాడు. మళ్ళీ ఎత్తేసరికి ముఖం ప్రశాంతంగా ఉంది.

"ఈమె చెప్పింది నిజమే పెద్దయ్యా" అన్నాడు మెత్తగా. "నాదే తప్పు. నేను గూడ పాపను ముట్టొద్దుండె. ప్రేమకు ఆగలేకపోయిన. మీకేం భయం లేదు, పెద్దలకు సబ్బుతోని కడుక్కుంటే పోతది. పసిదానికే ప్రమాదం. ఇయ్యాల్టి నుంచి నేను ముట్ట, మా అమ్మ ముట్టది. ఈమె ముట్టనోళ్ళు ఎవరున్నరో వాళ్ళే పాపను సాకాలె."

మోషే పెద్దగా ఊపిరి వదిలాడు. పెద్దమనుషులు పెరట్లో నీళ్ళ తొట్టి ఎక్కడుందని చూశారు. ఆ మొగుడు ఎంత మంచివాడో అనుకుంటున్నట్టు వాళ్ళ ముఖాల్లోనే కనిపించింది.

ఈమె ముట్టనివాళ్ళు. రూతమ్మ గదంతా చూసింది. ఒక్కొక్కరినీ తానే ముట్టింది, ఎవరినీ వదల్లేదు. గది బయట మాత్రం ఒక మనిషి మిగిలి ఉంది.

"సలోమీ" అన్నాడు ఏసుదానం. టీచరమ్మ అనలేదు, అమ్మా అనలేదు. "జర పాపను సూడు."

తెల్లచీర మనిషి గుమ్మం దాటి లోపలికి వచ్చింది. రూతమ్మకు ఇంకా కొంచెం ఆశ ఉంది. ఎస్తేరు కొత్తవాళ్ళ దగ్గరికి పోదు. పాలు పోసే ముసలమ్మ పలకరించినా తల్లి కొంగులో దూరిపోయే పిల్ల. ఇప్పుడు గుక్కపట్టి ఏడుస్తుంది, తల్లి కావాలంటుంది, అప్పుడు ఈ రాతి మనుషులైనా కరుగుతారు.

సలోమి వంగింది. పిల్ల ఏడుపు ఆపింది. రెండు చేతులూ పైకి చాచింది. ఎక్కి, ఆ భుజం మీద తల ఎక్కడ పెట్టాలో వెతుక్కోకుండా పెట్టి, ముక్కు ఆ తెల్లచీరకే తుడుచుకుని అడిగింది.

"సలమ్మా, బిస్కిటు తెచ్చినవా?"